ఇంటి తీగ - మిల్లు తీగ

ఇంట దీపము వెలిగించు పనివానిని ఒక పీట మీదను, మిల్లులో మోటారు నడపు పనివానిని అంతకంటె నెత్తైన పీట మీదను లోకము కూర్చుండబెట్టుచున్నది. రెండవవానిని సర్టిఫికెట్టు అడుగుదుము. మొదటివానితో కూలి బేరమాడుదుము. ఈ పద్ధతి తలక్రిందైనదని మా యభిప్రాయము.

వారి విద్యలలో భేదము లేదని మేమనము. ఇండ్లలో సామాన్యముగ నుండునది 230 వోల్టుల సింగిల్ ఫేజు విద్యుత్తు. గోడలలో పైపులు పాతుట, పాయింట్లు పంచుట, ప్రతి ప్లగ్గునకును ఎర్తు చేర్చుట అచటి పని. కర్మాగారములకు 400 వోల్టుల త్రీ ఫేజు వచ్చును. మూడు ఫేజులపై భారమును సమముగ పంచవలెను. పెద్ద మోటారును స్టార్-డెల్టా స్టార్టరుతో కదలింపవలెను. జనరేటరు విద్యుత్తు బయటి లైనులోనికి పోకుండ కాపాడవలెను. ఇంటిపనిలో ఆరితేరినవాడు ఈ పనికి చాలడు. నిజమే.

కాని మిల్లులో పనివాని తప్పును దిద్దుటకు సూపర్‌వైజరు గలడు, తనిఖీ గలదు. ఇంట నెవరు గలరు? స్విచ్చిని ఫేజు తీగలో గాక న్యూట్రలు తీగలో బిగించినను దీపము వెలుగును, ఆరును. ఆరిన పిమ్మటగూడ హోల్డరులో విద్యుత్తు నిలిచియే యుండును. ఎర్తు తీగ తెగినను గీజరు నీరు కాచును. ఈ దోషమును మొట్టమొదట గనుగొనునది తడిచేతితో దానిని ముట్టిన యిల్లాలు!

ఐ.టి.ఐ.లలో ఎలక్ట్రీషియన్, వైర్‌మన్ విద్యలు రెండును రెండేసి యేండ్లవే. అయినను మన యిండ్లకు వచ్చువారిలో పలువురు మేస్త్రి వెంట సంచి మోసి పని నేర్చినవారు. వారి చేతిలో నేర్పు లేదనము. ఇట్లేల చేయవలెనో వారికి చెప్పినవారు లేరు.

చట్టము ఇంటిని మినహాయింపలేదు. 1956 నాటి భారత విద్యుచ్ఛక్తి నియమములలో 45వది బల్బులు, ఫ్యూజులు మార్చుట వంటి చిల్లర పనులను విడిచి, తక్కిన పనులను లైసెన్సుగల కాంట్రాక్టరు, అర్హతాపత్రముగలవాని పర్యవేక్షణలో చేయింపవలెనని శాసించినది. తరువాతి నియమావళులును ఆ త్రోవనే పట్టినవి. శాసనము కాగితమున నున్నది. ఇంటి గడప దాటి లోనికి రాలేదు.

కావున మేము కోరునది రెండు మాటలు. అనుభవజ్ఞుని పరీక్షించి ధ్రువపత్రమిచ్చు పద్ధతి 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో చేర్చబడినది. అట్టి పరీక్ష తాలూకా కేంద్రములకు రావలెను. పరీక్షనాడు పోయిన కూలి పనివానికి ముట్టవలెను. గృహస్థులును "ఎంత తీసికొందువు?" అనుటకు ముందు "ఎచట నేర్చితివి? ఎర్తును పరీక్షించి చూపుదువా?" అని యడుగవలెను. 30 మిల్లీయాంపియరుల లీకునకే సరఫరాను తెంచు ఆర్.సి.సి.బి.ని పెట్టించుకొనవలెను.

చలువరాతికి వేలు పోసి, గోడలోని తీగకు పైసలు లెక్కించు పొదుపు పొదుపు కాదు.