లెక్క యడిగిన సభ్యురాలు

సర్వసభ్య సమావేశమున లెక్క యడిగినవానిని తగవులమారి యనుట మనకు వాడుక. ఐర్లండు శాసనసభలో 2024 వఱకు సభ్యురాలుగా నుండిన కాథరిన్ మర్ఫీగారికిని అట్టి నింద తప్పియుండదు. ప్రభుత్వ యాజమాన్యమునందలి బ్యాంకొకటి, తనకు బాకీపడిన సైట్‌సర్వ్ కంపెనీని 2012లో 4.5 కోట్ల యూరోలకు విక్రయింప నంగీకరించి, 10 కోట్లకు మించిన బాకీని వదలుకొనెను. వాటాదారులకు మాత్రము 50 లక్షలు ముట్టెను! ఆమె సభలో ప్రశ్నపై ప్రశ్న వేసెను. జవాబులు చాలకపోగా సమాచార చట్టము క్రింద ఆర్థికశాఖ కాగితములు తెప్పించెను. అధికారులకే సందేహములుండెనని వానివలన బయలుపడెను. 2015లో విచారణ సంఘ మేర్పడెను. ఆ విక్రయము అక్రమములతో కళంకితమని 2022లో తేలెను. బాకీ నష్టము ప్రజలదే, ఏడేండ్ల విచారణ వ్యయమును వారిదే. ఈ రెండవ పద్దును తొలినాటి అరకొర జవాబుల ఖాతాలోనే వ్రాయవలెనని నా యభిప్రాయము.