ఓడితే డబుల్ పెట్టు: టెలిగ్రామ్ 'ట్రిక్' వెనక లెక్క ఇదీ

"ఓడితే డబుల్ పెట్టు బ్రో, ఒక్కసారి గెలిస్తే పోయిందంతా వచ్చేస్తుంది." కలర్ ప్రిడిక్షన్ యాప్‌ల కోసం టెలిగ్రామ్‌లో అమ్ముతున్న సీక్రెట్ ట్రిక్ ఇదే. నిజానికి ఇందులో సీక్రెట్ ఏమీ లేదు. దీని పేరు మార్టింగేల్, 18వ శతాబ్దపు ఫ్రాన్స్ నాటి పాత పద్ధతి.

రూ.100తో మొదలుపెట్టి వరుసగా 10 సార్లు ఓడితే పోయేది రూ.1,02,300. పదకొండో పందెం రూ.1,02,400. అది గెలిచినా చివరికి మిగిలే లాభం ఎంతో తెలుసా? అదే 100!

పదిసార్లు వరుసగా ఎవడు ఓడతాడు అంటారా? ఒకే సున్నా ఉన్న రూలెట్‌లో ఎరుపు మీద కాస్తే, ఆ అవకాశం సుమారు 784లో 1. రోజూ వందల రౌండ్లు ఆడేవాడికి ఇదేం దూరం కాదు. 1913లో మాంటేకార్లో కేసినోలో నలుపు వరుసగా 26 సార్లు పడింది.

అక్కడ చక్రమైనా కంటికి కనిపిస్తుంది. యాప్‌లో రంగు తేల్చేది వాళ్ల సర్వర్. మన పందెం చూశాకే తేలుస్తోందేమో చెక్ చేసే దారే లేదు. బెంచ్‌మార్క్ స్కోర్‌ని కూడా నమ్మని మనం దీన్నెలా నమ్ముతున్నామో!

డౌట్ ఉంటే పైథాన్‌లో ఇరవై లైన్లు రాసి 10,000 రౌండ్లు నడిపి చూడండి. బ్యాలెన్స్ గ్రాఫ్ మెట్లు ఎక్కినట్టు మెల్లగా పైకెళ్లి, ఒక్కచోట నిలువునా పడిపోతుంది.