కంచు పలక లేని మా పెద్దతాత గురించి

కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ పెద్దలకు,

పోయిన నెల థాయిలాండ్‌లోని కాంచనబురిలో మీరు చూసుకునే సైనిక సమాధులు చూశాను. చాప పరిచినట్టు గడ్డి, వరసగా కంచు పలకలు, పలక పక్కన పూలమొక్క. బాగుంది, వంక పెట్టను. "రెండో ప్రపంచ యుద్ధంలో జపానువాళ్ళు వేయించిన ఈ సయాం-బర్మా రైలుదారిలో పనిచేసిన మన కూలీలెక్కడ?" అని మా టూరు గైడును అడిగాను. "ఇక్కడ సోల్జర్లే సార్. బ్రిడ్జి దగ్గర ఫోటోలు దిగాలి, బస్సెక్కండి" అన్నాడు. చిన్న కుర్రాడు, అతన్నేం అంటాం?

మా ఊరివాళ్ళంతా రంగం (రంగూన్) పోతే, మా పెద్దతాత కూలీలను కుదిర్చే కంగాణీ మాట నమ్మి మలయా రబ్బరు తోటకు పోయాడు. జపానువాళ్ళు వచ్చాక సయాం (ఇప్పటి థాయిలాండ్) రైలుదారి పనికి తోలుకుపోయారన్న కబురు ఒకటే వచ్చింది. పెద్దనాయనమ్మ చివరిదాకా బొట్టు తీయలేదు. ఆవిడ పోయాకే, తిథి తెలియనివాళ్ళకు పెట్టినట్టు, మహాలయ అమావాస్యనాడు ఆయనకు పెడుతున్నాం.

415 కిలోమీటర్ల ఆ దారిలో 80,000 నుంచి లక్షమంది దాకా పౌరులు చనిపోయారని రాసింది మీరే. మరి వాళ్ళేరి? సైనికులు కారు, మా పరిధిలోకి రారు అంటారు. తెలుసు, వినీ వినీ విసుగొచ్చింది. యూనిఫాం లేనివాడికి కలరా రాలేదా? వాడి వెన్ను మీద దెబ్బ పడలేదా? ముస్లిం శ్మశానాల్లో పూడ్చిన 11 మంది భారత సైనికుల పేర్లు కాంచనబురిలో మీ సమాధుల దగ్గరే చెక్కించారు, సంతోషం. 1990లో అదే కాంచనబురిలో చెరకు తోట తవ్వితే వందల అస్థిపంజరాలు బయటపడ్డాయి. అవి ఎవరి పరిధి? గైడు ఫోటోలకు తీసుకెళ్ళిన ఆ రైలు వంతెన దగ్గర 1944లో జపాన్ సైన్యం కట్టించిన స్తూపం ఉంది. అది చనిపోయిన ఖైదీలకే కాదు, కూలీలకు కూడానట! చంపినవాళ్ళకు గుర్తున్నవాళ్ళు మీకెందుకు గుర్తులేరు?

మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన ఆఫ్రికా, ఆసియావాళ్ళను సమానంగా స్మరించలేదని 2021లో క్షమాపణ చెప్పారు. రెండో యుద్ధం మాటకు ఇంకెన్నేళ్ళు ఆగాలి? మా ప్రభుత్వాలనూ అడగాలి, నిజమే. 1981లో కౌలాలంపూరులో ప్రపంచ తెలుగు మహాసభలు జరిపాం, ఈ మనుషుల్ని ఎవరు తలచుకున్నారు? ఆ పోరు వేరే.

మిమ్మల్ని ఏం అడగాలో నాకూ సరిగ్గా తెలియదు. పేర్లు లేవు, ఎవరి అస్థికలు ఏవో తెలియదు. ఏదో ఒకటి చేయండి. ఆ గడ్డి చివర, చెట్టు నీడన, కాస్త చోటుంది. బస్సు హారన్ కొడుతున్నా నిలబడి చూసొచ్చాను.