ఎనిమిది వందల పౌన్ల మంచితనం

ఆంథొనీ ట్రోలప్ 1855లో రాసిన ‘ది వార్డెన్’ మీద ఎవరు మాట్లాడినా చాలావరకు ఒకటే పాట: చక్కగా నడుస్తున్న ధర్మశాలలో సంస్కర్తలు వేలుపెట్టి పాడుచేశారని. ధర్మశాల వార్డెన్ హార్డింగ్ సాధువు, దాని మీద దావా వేసిన జాన్ బోల్డ్ దుడుకు కుర్రాడు, పత్రికలవాళ్లు దయలేనివాళ్లు. హార్డింగ్ రాజీనామా చేశాడు, తోట పాడుబడింది, ముసలివాళ్లు దిక్కులేనివాళ్లయ్యారు. నవలను సగమే చదివినవాళ్లు చెప్పే మాట ఇది.

ముందు జమాఖర్చు చూద్దాం. 1434లో పోయిన ఉన్ని వ్యాపారి జాన్ హైరమ్, పనిచేసే ఓపిక ఉడిగిన పన్నెండుమంది పేదల కోసం ఆస్తి రాసిపెట్టాడు. కథ నాటికి వాళ్లకు దక్కేది మనిషికి రోజుకు ఒక షిల్లింగు నాలుగు పెన్నీలు. పన్నెండుమందికీ కలిపితే ఏడాదికి 292 పౌన్లు. వాళ్లను కనిపెట్టుకుని ఉండే ఒక్క వార్డెన్‌కు 800 పౌన్లు, పైగా ఇల్లు. భూముల రాబడి పెరిగేకొద్దీ పెరిగిందంతా అటే పోయింది. హార్డింగ్ తన జేబులోంచి మనిషికి రోజూ రెండు పెన్నీలు కలిపి ఇచ్చాడు, కాదనను. ఆ రెండు పెన్నీలకు కళ్లు చెమర్చే విమర్శకులకు ఈ ఎనిమిది వందలు మాత్రం కనబడవు.

ఆ ముసలివాళ్లు తమకు ఏడాదికి వంద పౌన్లు వస్తాయని ఆశపడి అర్జీ పెడితే రచయిత దాన్ని దురాశగా చూపిస్తాడు. ఎనిమిది వందలు తీసుకునేవాడికి అంతరాత్మ, వంద అడిగేవాడికి అత్యాశ! పాత్రలకు గుణాలు పంచడంలోనే తీర్పు అయిపోయింది.

నిజంగా జరిగిన ఇలాంటి కేసు ఇంత సుతారంగా లేదు. వించెస్టర్‌లోని సెయింట్ క్రాస్ ధర్మశాలను పన్నెండో శతాబ్దంలో బిషప్ హెన్రీ ఆఫ్ బ్లోవా పదముగ్గురు నిరుపేదల కోసం స్థాపించాడు. 1808లో దాని మాస్టర్ పదవి గిల్‌ఫర్డ్ ప్రభువు చేతికి వచ్చింది. ఇచ్చినవాడు ఆయన కన్నతండ్రే, అప్పటి వించెస్టర్ బిషప్. దశాబ్దాల తరబడి ఆ ఆదాయం అనుభవించాక, 1853లో న్యాయమూర్తి రోమిలీ ఆయనకు వ్యతిరేకంగా తీర్పు చెప్పాడు. ఈ గొడవ ట్రోలప్‌కు తెలుసు. నవలలో దాని ప్రస్తావన కూడా ఉంది. అయినా గిల్‌ఫర్డ్‌ను పక్కనపెట్టి చెల్లో వాయించుకునే అమాయకుణ్ణి ఆ కుర్చీలో కూర్చోబెట్టాడు. మరి కోర్టుకు లాగినందువల్ల సెయింట్ క్రాస్ మూతపడిందా? లేదు. ఈనాటికీ అక్కడ వృద్ధులు ఉంటున్నారు, అడిగిన బాటసారికి రొట్టె ముక్క ఇచ్చి, కాస్త బీరు పోస్తున్నారు.

థాకరే నవల ‘ది న్యూకమ్స్’ కూడా ఈ కోవదే. బుందేల్‌ఖండ్ బ్యాంకు దివాలాతో చితికిపోయిన కర్నల్ న్యూకమ్ ధర్మశాల చేరితే మనకు గుండె కరుగుతుంది, ఎందుకంటే ఆయన పెద్దమనిషి. చిన్నప్పటి నుంచీ పేదవాడైనవాడు అదే గుమ్మం తొక్కితే నవలకు కథే లేదు.

ఇక పాడుబడిన తోట సంగతి. బోల్డ్ దావా ఉపసంహరించుకున్నాడు. హార్డింగ్ వెళ్లిపోయాక కొత్త వార్డెన్‌ను వేయనిది బిషప్. ముసలివాళ్లు ఒక్కొక్కరే చనిపోతుంటే ఆ ఖాళీలు నింపనిదీ ఆయనే. తాళంచెవి చర్చి దగ్గర ఉంటే, తలుపు మూసిన నేరం బోల్డ్‌కు ఎలా అంటగడతారు?

ట్రోలప్ ఆత్మకథలో ఒప్పుకున్నాడు: ధర్మనిధుల దుర్వినియోగాన్నీ, ఆ సొమ్ము అందుకునేవాళ్ల మీద పత్రికల కాఠిన్యాన్నీ ఒకే పుస్తకంలో ఎండగట్టబోవడం తన పొరపాటని. ఆయన అభిమానులు అంత దూరం కూడా రారు. ‘ది వార్డెన్’ వచ్చిన రెండేళ్లకు, 1857లో, ట్రోలప్ తానే రాసిన ‘బార్చెస్టర్ టవర్స్’లో పార్లమెంటు చట్టం ద్వారా ఆ ధర్మశాల మళ్లీ తెరుచుకుంటుంది. వార్డెన్ జీతం 450 పౌన్లకు దిగుతుంది. పన్నెండుమంది ముసలివాళ్లకు తోడు, అంతకుముందు ఆ గడపలో చోటే లేని పన్నెండుమంది ముసలమ్మలకు కొత్తగా ఇల్లు, రోజు భత్యం ఏర్పాటవుతాయి.