ఉతుకునదియా, ఉతికి ఆఱబెట్టునదియా?

బట్టలుతుకు యంత్రము కొనవలెనని తిరుపతిలోనో చిత్తూరులోనో దుకాణమునకు బోయిన యిల్లాలిని నేడు విక్రేత మొదట నడుగు ప్రశ్న యొకటి కలదు: "అమ్మా, ఉతుకునది చాలునా, ఆఱబెట్టునది కూడ కావలెనా?" మొదటిది వాషింగ్ మెషీన్, రెండవది వాషర్ డ్రయర్. చూచుటకు రెండును ఒక్కతీరుగనే యుండును. ముందువైపు గుండ్రని అద్దపు తలుపు, లోపల తిరుగు పీపా, పైన మీటలు. వెలలో మాత్రము సుమారు ఇరువది వేల రూపాయల యంతరముండును. ఒక్కొక్కచోట అంతకు మించియు నుండును. ఆ యిరువది వేలు దేనికిచ్చుచున్నామో విచారింపకయే "పెద్దదే కొందము, పడియుండును" అని తెచ్చుకొనువారు పెక్కురు.

ఈ విషయముననే తిరుపతినుండి యొక సోదరి మాకు జాబు వ్రాసినది. ఆమె పాఠశాలలో ఉపాధ్యాయిని. ఇద్దరు పిల్లలు, పక్షవాతముచే మంచము పట్టిన అత్తగారు, మూడవ అంతస్తున అద్దె యిల్లు. మిద్దెమీది దండెములు ఇంటి యజమానివి. వీరికి దక్కినది రెండు గజముల వసారా. పాత యంత్రము చెడినది. చీటీ పాడగా వచ్చిన అరువది వేల రూపాయలు చేతనున్నవి. అమెరికాలో నున్న మఱది "వదినా, ఆఱబెట్టునదే కొనుడు, మేమిక్కడ దండెము మొగమే యెఱుగము" అనుచున్నాడట. ఆడబిడ్డ మాత్రము "తిరుపతిలో కాపురముండి ఎండను డబ్బిచ్చి కొనువారిని మిమ్మే చూచితిని" అని యెగతాళి చేయుచున్నదట. ఇద్దరి మాటలోను కొంత నిజము కలదు. అది యెంతయో చూతము.

ముందుగా ఒక పేరు చిక్కును విప్పవలెను. రెండు తొట్లుగల సెమీ ఆటోమేటిక్ యంత్రములో రెండవ తొట్టిని మనవారు డ్రయరనుట వాడుక. అది పిండునదే కాని ఆఱబెట్టునది కాదు. అందుండి తీసిన బట్టను దండెమున వేయక తప్పదు. వాషర్ డ్రయర్ అట్లుగాక, లోపలి గాలిని వేడిచేసి బట్టలలోని నీటిని ఆవిరిగా వెడలగొట్టును. ఈ రెండు పనులకు నగు వ్యయములో హస్తిమశకాంతరము కలదు. నిమిషమునకు 1200 సారులు పీపా తిరిగినచో నూలుబట్టలలో మిగులు నీరు వాని బరువులో ఇంచుమించు సగమునకు దిగును. దానికి పట్టు కరెంటు స్వల్పము. ఆ మిగిలిన నీటిని ఆవిరి చేయుటయే భారము. ఒక లీటరు నీరు ఆవిరి యగుటకు సుమారు 0.63 యూనిటు కావలెను. ఇది ప్రకృతి విధించిన సుంకము. బేరమాడి తగ్గించుకొనునది కాదు. (ఆవిరిలోని వేడిని మరల పట్టి వాడుకొను హీట్ పంపు యంత్రములు వేఱు, వాని వెలయు వేఱు.) 5 కిలోల బట్టలు పిండిన పిదప వానిలో రెండున్నర లీటర్ల నీరుండుననుకొన్నచో, లెక్కప్రకారము ఒకటిన్నర యూనిటు దాటును. యంత్రమును, గాలిని, బట్టలను వేడిచేయుటలో వ్యర్థమగునది కలుపుకొని మూడు యూనిట్లని యెంచుకొనుట మంచిది.

మూడు యూనిట్లేకదా యని తోచవచ్చును. మన జిల్లాలకు కరెంటునిచ్చు దక్షిణ విద్యుత్పంపిణీ సంస్థ తిరుపతిలోనే యున్నది. 2022 ఏప్రిల్ నుండి అమలులోనికి వచ్చిన శ్రేణులలో 126 మొదలు 225 యూనిట్ల వఱకు యూనిటు 6 రూపాయలు. అది దాటినచో 400 వఱకు 8 రూపాయల 75 పైసలు. నెలకు 150 యూనిట్లు కాల్చు నొక కుటుంబము దినమునకొకమాఱు ఈ విధముగా బట్టలాఱబెట్టెనేని మఱియొక 90 యూనిట్లు చేరును. అందు 75 యూనిట్లు ఆఱు రూపాయల చొప్పునను, 15 యూనిట్లు పై చొప్పునను పడి, బిల్లులో సుమారు 580 రూపాయలు పెరుగును. ఇతర రుసుములు వేఱు. అదే కుటుంబము ముసురుపట్టిన నెలలో పదునైదు దినములు మాత్రమే వాడెనేని 270 రూపాయలతో తీరును. కావున యంత్రము కొనుటకంటె దానిని ఎన్ని దినములు వాడుదుమను లెక్కయే ముఖ్యము.

మఱియొక సంగతి విక్రేతలు తమంత తాముగా చెప్పుట యరుదు. ఈ యంత్రములమీద రెండంకెలుండును. 8 కిలోలు ఉతుకునని వ్రాసిన యంత్రము 5 కిలోలే ఆఱబెట్టును. తడిబట్టలు వేడిగాలిలో విడివిడిగా దొర్లుటకు చోటు కావలెను. పీపా నిండుగా నున్నచో పైపొర ఆఱి నడుమ చెమ్మ నిలుచును. కాబట్టి నిండుగా ఉతికినచో సగమునకు దగ్గఱగా బయటికి తీసి, మిగిలినదానిని ఆఱబెట్టి, తీసినదానిని మరల వేయవలెను. 5 కిలోలు ఉతికి పూర్తిగా ఆఱుటకు ఐదాఱు గంటలు పట్టును; అంతసేపు రెండవ వాయిదా బట్టలు బుట్టలోనే యుండును. ఐదుగురున్న యింట ఆదివారమునాడు దుప్పట్లు, తువాళ్లు, పిల్లల బడి దుస్తులు అన్నియు నొక్కమాఱే పడును. ఆనాడు ఈ యంత్రము రాత్రిదాక తిరుగుచునే యుండును. ప్రక్కింటివారి దండెముమీది బట్టలు మధ్యాహ్న భోజనమునకే మడతలు పడియుండును.

ఇక మఱదిగారి మాట. అమెరికాలో పెక్కిండ్లలో ఉతుకునది వేఱు, ఆఱబెట్టునది వేఱు. రెండును పెద్దవి. ఒకటి ఆఱబెట్టుచుండగా రెండవది ఉతుకుచుండును. అచ్చట కొన్ని కాలనీల సంఘములు ఆరుబయట దండెము కట్టరాదని నియమములు పెట్టగా, దండెము కట్టుకొను హక్కు కొఱకు కొన్ని రాష్ట్రములు చట్టములు చేయవలసివచ్చినది. అట్టి దేశమున చూచినదానిని బట్టి ఇచ్చటి సలహా చెప్పరాదు. పైగా ఆయన చూచినది ఈ జంట యంత్రము కాదు. స్థలమును సొమ్మును ఉన్నవారు విడిగా ఆఱబెట్టు యంత్రమును ఇచ్చటను కొనవచ్చును. రెండింటిలో నొకటి చెడినను రెండవది పనిచేయును. జంటయంత్రము చెడినచో రెండు పనులును నిలిచిపోవును.

ఆడబిడ్డగారి మాటకు బలమెక్కువ. వేసవిలో నలువది డిగ్రీలు దాటు ఊరిలో పలుచని నూలుచీర గంటలో గలగలలాడును. రంగు వెలియునని నీడకు మార్చుటయే మనకు పని. కాని ఆమె మఱచిన మాసములు కొన్ని కలవు. మన దక్షిణ రాయలసీమకు రెండు ఋతుపవనములును కొంత కొంత వాననిచ్చును. తిరుపతి చుట్టుపట్ల పెద్దవాన ఈశాన్యమునుండి వచ్చునదే. అక్టోబరు మొదలు డిసెంబరు నడిమివఱకు వాయుగుండమెప్పుడు పట్టునో తెలియదు. 2021 నవంబరు మూడవ వారమున తిరుపతి వీధులు ఏఱులైనప్పుడు ఎన్నియిండ్లలో మంచపుకోళ్లకు, కిటికీ చువ్వలకు తడిబట్టలు వ్రేలాడినవో ఆ యిండ్లవారికి తెలియును. అట్టి దినములలో బట్ట ఆఱుటకు రెండు దినములు పట్టును. ఆఱినపిదపను ముక్కవాసన వదలదు. ఐనను సంవత్సరమునకు అట్టి దినములెన్ని? నెలన్నర యనుకొందము. మిద్దెయు, దండెమును, మోయుటకు ఓపికయు గలవారు ఈ నెలన్నర కొఱకు ఇరువది వేలు పెట్టనక్కఱలేదని మా యభిప్రాయము. 1200కు తక్కువగాని తిరుగుడుగల మంచి ఉతుకు యంత్రమును కొని, ముసురునాడు ఒక గదిలో పంకా క్రింద బట్టలను ఎడమెడముగా ఆఱవేసికొన్న చాలును.

మాకు జాబు వ్రాసిన సోదరికి మాత్రము ఇది చాలదు. ఆమె ప్రశ్న కుటుంబపు బట్టలది కాదు, అత్తగారి దుప్పట్లది. మంచము పట్టిన వారికి దినమునకు మూడు నాలుగు దుప్పట్లు మార్చవలసివచ్చును. అవి దాచుకొని ఆదివారమున ఉతుకునవి కావు. చెమ్మగల పక్క రోగి వీపునకు ఒరసికొన్నచో పుండ్లు పడుట త్వరితమగును. ఒకమాఱు పడిన పుండు మానుట యెంత కష్టమో వైద్యులనడిగిన చెప్పుదురు. అదనముగా ఆఱు దుప్పట్లు, ఒక రబ్బరు గుడ్డ కొని, సాధారణ యంత్రముతో సరిపెట్టుకొమ్మని వ్రాయుదమా యని మేము తర్కించితిమి. వేసవిలో అది చాలును. నవంబరులో రెండు గజముల వసారాలో నలుగురి బట్టలతోపాటు ఈ దుప్పట్లు ఆఱవు. ఉదయము ఎనిమిదింటికి బడికి బోవు నామె తడిదుప్పట్లను మూడు అంతస్తులు దింపి ఎక్కడికి మోసికొని పోగలదు?

ఆమెకు ఆఱబెట్టునదియే కావలెను. మూడు నాలుగు దుప్పట్ల బరువు మూడు కిలోలు దాటదు. అది ఆ యంత్రము సుఖముగా ఆఱబెట్టు కొలతలోనే యున్నది. మలినమైన దుప్పటిని ముందు చన్నీట జాడించి, పిదప 60 డిగ్రీల వేడినీటి మీట నొక్కవలెను. రాత్రి పండుకొనబోవుచు వేసినచో తెల్లవాఱునప్పటికి పొడిపక్క సిద్ధము. ఇంటిల్లిపాది బట్టలను మాత్రము అందు ఆఱబెట్టవలదు. పిండుట వఱకే యంత్రమునకు విడిచి వసారాలో వేసికొనవలెను. అట్లైన బిల్లు మితి మీఱదు. చీటీ సొమ్మంతయు దీనికే పోవునను విచారము ఆమె జాబులో కనబడుచున్నది. సలహానిచ్చిన మఱదిగారు ఆ యంతరపు ఇరువది వేలును పంపినచో సలహాకు నిండుదనము వచ్చును. ఆ దుప్పట్లు ఆయన తల్లివే కదా!

తిరుపతి కాపురములకు మఱియొక ప్రత్యేకత యున్నది. కొండకు వచ్చు చుట్టములకు కొదవ లేదు. వచ్చినవారు దర్శనము చేసికొని పోవుదురు. వారు కప్పుకొన్న దుప్పట్లు, తుడుచుకొన్న తువాళ్లు ఇల్లాలికి మిగులును. దీనికై వాషర్ డ్రయర్ కావలెనని కొందఱందురు. మేమొప్పుకొనము. చుట్టముల బట్టలు పెద్ద మొత్తముగా పడునవి. ఈ యంత్రము చిన్న మొత్తములకు తగినది. అట్టి యింటివారు ఆఱబెట్టుటకిచ్చు సొమ్ముతో ఉతుకు కొలత పెద్దదిగా, 9 కిలోలో 10 కిలోలో, చూచుకొనుట మేలు.

వెంకటగిరి చీరను, పట్టును, జరీని వేడిగాలికి అప్పగింపరాదని వేఱుగ చెప్పనక్కఱలేదనుకొందుము. బిగుతు నూలుబట్టలును మొదటి కొన్ని వాయిదాలలో కొంచెము ముడుచుకొనును. పిల్లల చొక్కాలు కొనునప్పుడు ఇది తలచుకొనవలెను. మడిబట్ట సంగతి ఆ యింటి పెద్దలకే విడుచుచున్నాము.

మిద్దెమీద సౌరఫలకములు పెట్టుకొన్నవారు "మాకు కరెంటు ఉచితము కదా" యని వ్రాయవచ్చును. 2024లో వచ్చిన సూర్యఘర్ పథకమున మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల వఱకు సహాయము దొరకుచున్నందున అట్టి యిండ్లు హెచ్చుచున్నవి. వారికి లెక్క కొంత మాఱును. పగటిపూట ఆఱబెట్టినచో వ్యయము తక్కువ. ఐనను ఎండను మిద్దెమీద పలకలతో పట్టి, తీగవెంట క్రిందికి దింపి, దానితో తువాలు ఆఱబెట్టుటకంటె ఆ పలకల ప్రక్కనే దండెము కట్టుట సులభమనిపించును. ముసురునాడు ఆ పలకలును అంతంతమాత్రమే.

నీటిమాట చెప్పక ఈ వ్యాసము ముగియదు. చిత్తూరులో ట్యాంకరు కొఱకు కాచుకొన్న యిల్లాలికి నీటి విలువ మేము చెప్పవలసిన పని లేదు. ముందుతలుపు యంత్రము, పైతలుపుదానికంటె తక్కువ నీటితో ఉతుకును; ఇది మన ప్రాంతమునకు గొప్ప గుణము. కాని పెక్కు వాషర్ డ్రయర్లు ఆవిరిని చల్లార్చి నీరు చేయుటకు కుళాయి నీటిని మరల వాడును. అనగా ఆఱబెట్టుటకును నీరే ఖర్చు. కొనునప్పుడు ఈ సంగతి విడిగా నడుగవలెను. బోరునీటిలోని ఉప్పదనము వేడిచేయు కడ్డీమీద పెచ్చుగట్టును. ఎంత వేడిచేసిన అంత పెచ్చు.  యంత్రముతో వచ్చిన పుస్తకమున చెప్పిన గడువున పెచ్చు కరగించు పొడి వేసి ఖాళీగా నొకమాఱు త్రిప్పవలెను. నూగు పట్టు జల్లెడను వాడిన ప్రతి వారము తీసి కడుగవలెను.

కడ్డీ కాగునప్పుడు రెండువేల వాట్ల వఱకు లాగును. సాధారణపు ప్లగ్గు దీనికి తగదు. ఎర్తుతో కూడిన 16 ఆంపియర్ల ప్లగ్గు విడిగా నుండవలెను. అద్దెయిండ్లలో స్నానపు గది ప్రక్క అది యుండుట యరుదు. యంత్రమును ఇంటికి తెప్పించిన పిదప కాక, ముందే విద్యుత్తు పనివానిని పిలిచి చూపుకొనవలెను; మెట్ల మలుపు వెడల్పును కూడ కొలిచికొనవలెను. డెబ్బది కిలోల బరువుగల పెట్టె మూడవ అంతస్తుకు ఎక్కవలసియున్నది. కడచిన ముసురులో ఆఱబెట్టు యంత్రము వాడిన సోదరీమణులు తమ బిల్లుల అంకెలతో వ్రాసి పంపినచో వచ్చు సంచికలో ప్రకటింతుము.