ఓర్పు మౌనము కాదు

2024 సెప్టెంబరు ఆరంభమున కుండపోత వానలకు నడిగూడెం మండలము కాగిత రామచంద్రాపురము వద్ద సాగర్ ఎడమ కాలువకు గండి పడినది. పొలములు మునిగినవి. ఓట్లు వేసి గెలిపించినందుకు ఇదియేనా ఫలమని మనము ఆవేదన చెందుట సహజము. ఆ ఆవేదనతో ప్రజాస్వామ్యముపైననే విశ్వాసము కోల్పోవుట మాత్రము తగదు.

నడిగూడెం కోట మునగాల జమీందారుల నివాసము. ఆనాటి రైతుకు ప్రభువును మార్చు హక్కు లేదు. నేడు ఆ హక్కు కూలివాని చేతిలోను ఉన్నది.

నిర్మాణమునకు కాలము పట్టును. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేసిరి; కాలువలకు నీరు వదలినది 1967లో. ఆ పన్నెండేండ్ల నడుమ పని విడిచియుండిన, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములకు సాగరు నీరు దక్కెడిదా?

అట్లని ఓర్పు అనగా నోరు మూసుకొనుట కాదు. 1951లో సాయుధ పోరాటము విరమణ పొందిన పిదప, 1952 ఎన్నికలలో నల్లగొండ ప్రజలు రావి నారాయణరెడ్డి గారిని నెహ్రూ కంటె ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు పంపిరి. ఆయన ప్రతిపక్షమున కూర్చుండిరి. ఆగ్రహమునకు సయితము బ్యాలెట్టు పెట్టెలో చోటున్నదని ఈ జిల్లా ఆనాడే చాటినది.

ఉర్దూలో మనము 'సబర్' అందుము. అది చేతులు ముడుచుకొని కూర్చుండుట కాదు, కష్టమున నిలకడ. గండి పూడ్చుటకు ప్రభుత్వమునకు వ్యవధి ఇత్తము. పూడ్చిన కట్ట ఎంత గట్టిదో, నష్టపోయిన రైతుకు ఏమి అందినదో లెక్క అడుగుదము. ఈ రెండును చేయు పౌరుడే ప్రజాస్వామ్యమునకు నిజమైన కాపు.