మడకు కాపరి ఎవరు?

నల్లగండ్ల తరగతి గదిలో నల్లబల్లపై ‘మడ’ అని వ్రాసి అర్థమడిగినచో, వరి మడియేమోయని విద్యార్థులు సందేహింతురు. తప్పు వారిది కాదు. సముద్రము మనకు వందల కిలోమీటర్ల దూరము. మన పాఠములు ఆ దూరమును తగ్గింపలేదు. మాట మరుగుపడినచో, ఆ మాట తెలుపు వస్తువుపై మమకారము కూడ మరుగుపడును.

గోదావరి కడలిలో కలియు చోట, కాకినాడకు దక్షిణమున, కోరింగ మడ అడవి కలదు. 1978లో దానిని అభయారణ్యముగ ప్రకటించిరి. వైశాల్యము 235 చదరపు కిలోమీటర్లకు పైబడినది. అచ్చటి జనుల భాషయే ఆ నేలకు వ్యాఖ్యానము. నది సముద్రమున కలియు నోరు మొగ. ఇసుక మేట తిప్ప. కడలి నీరు పైకెక్కుట పోటు, వెనుకకు దిగుట పాటు. గాడిమొగ, బలుసుతిప్ప అను ఊళ్ల పేర్లలో ఈ మాటలే నిలిచియున్నవి.

ఆ పోటు పాటుల నడుమ బ్రతుకుట సామాన్య వృక్షములకు సాధ్యము కాదు. మడచెట్టు బురదలో ఊపిరి యాడక, వేళ్లను మేకులవలె పైకి నిలిపి గాలి పీల్చును. ఒంట జేరిన ఉప్పును ఆకుల ద్వారా వెలికి నెట్టును. పొన్న జాతి చెట్లలో గింజ తల్లి కొమ్మపైననే మొలకెత్తి, పిదప బురదలోనికి జారును. ఆ వేళ్ల మరుగున రొయ్యపిల్లలు, మండపీతలు, చేపపిల్లలు పెరుగును. బెస్తవాని వలలో పడు చేపకు పుట్టిల్లు మడయే.

పెనుగాలి వేళ ఈ అడవి విలువ మరింత తెలియును. 1789లోను, 1839లోను వచ్చిన ఉప్పెనలు కోరింగ రేవును నాశనమొనర్చినవి. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన పెద్దలకు నేటికిని పీడకలయే. మడ యున్నచో ఏ ఉప్పెనయు రాదనుట అతిశయోక్తి. కాని 1999 నాటి ఒడిశా పెనుతుఫానును పరిశీలించి సౌదామినీ దాస్, జెఫ్రీ విన్సెంట్ అను పరిశోధకులు 2009లో ప్రకటించిన వ్యాసమొకటి కలదు. సముద్రమునకును ఊరికిని నడుమ మడ యెంత వెడల్పుగ నున్నదో, ఆ ఊర ప్రాణనష్టమంత తక్కువయని వారు తేల్చిరి.

ఇంతటి అడవిని కాపాడువారెవరు? కంచె వేసి కావలివానిని నిలిపిన చాలునని కొందరందురు. ఊరివారి చేతికిచ్చినచో వంటచెరకుకై ఊడ్చివేయుదురని వారి భయము. ఆ భయము పూర్తిగ నిరాధారము కాదు. గేదెల మేపునకును, పొయ్యికిని ఊళ్లు మడపై ఆధారపడినమాట నిజమే. కాని కొమ్మ నరికినవానిని దొంగ యనుచు, డెల్టాలో మడనేలను రొయ్యల చెరువులుగ మార్చిన పెట్టుబడిని అభివృద్ధి యనుట న్యాయమా?

1990 దశాబ్ది చివర అటవీశాఖయు, చెన్నైలోని ఎం. ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థయు గోదావరి, కృష్ణా డెల్టాలలో వేరొక మార్గము తొక్కినవి. చెట్లు నరికిన చోట నేల ఎండి, క్రుంగి, పళ్లెమువలె అగును. పోటుకు వచ్చిన నీరు పాటుకు మరలక నిలిచి యెండును. ఉప్పు పేరుకొని మొలక బ్రతుకదు. అందుచే ఏటితో కలిపి నడుమ నొక కాలువయు, దానికిరువైపుల చేపముల్లువలె వాలు కాలువలును త్రవ్వించిరి. నీరు వచ్చి పోవుటతో ఉప్పు తగ్గెను. నాటిన మొక్క నిలిచెను. ఊరి సమితులు ఈ పనిలో పాలుపంచుకొనినవి. నీటి నడక తెలిసినవారి కన్నును, శాస్త్రజ్ఞుని కొలతయు కలిసిన చోటనే ఇట్టి పని నిలుచును.

అయినను పథకమున్నన్నాళ్లే సమితి యుండుట మనకలవాటైనది. నిధులాగిన నాడు సమావేశములాగును. ఊరికి బాధ్యతతో పాటు హక్కును, ఫలములో పాలును శాశ్వతముగ నుండవలెను. పీతలు పట్టుకొని, పుల్లలేరుకొని బ్రతుకు స్త్రీల మాట ఆ సభలలో వినబడవలెను. 2020లో కాకినాడ చెంత దుమ్ములపేట వద్ద మడనేలను పేదల ఇండ్ల స్థలములకై పూడ్చుట న్యాయస్థానముల కెక్కినది. పేదకు ఇల్లు కావలెను; మడయు కావలెను. ఒకదానిని రెండవదానికి శత్రువుగ నిలుపువాడు ఇద్దరికిని మేలు చేయడు.

ఇది మనమెరుగని నీతి కాదు. ఒకనాడు తెలంగాణ పల్లెలలో చెరువు నీటిని పంచి, తూమును కాచుటకు నీరటి యుండెడివాడు. అతనికి పంటలో పాలుండెడిది. అందుచే చెరువు అతనిదిగ నుండెను. నల్లగండ్లకును ఒక చెరువు కలదు. దానిచుట్టును భవనములు లేచినవి. నీరటి మాత్రము కానరాడు.

కనుక ఉపాధ్యాయులకు నాదొక విన్నపము. మడను గూర్చి చెప్పునాడు పిల్లలను చెరువుగట్టునకు కొనిపొండు. “దీనికి కాపరి యెవరు? అతనికి దీనిలో పాలెంత?” అని యడుగుడు. ఆ ప్రశ్నకు బదులు వెదకిన విద్యార్థి, సముద్రము చూడకున్నను, కోరింగను అర్థము చేసికొనును.